ఆరు లైన్లే కదా, మరి ఎందుకు ఆగిపోతున్నారు?

ప్రశ్న: ఫొటోల పేర్లని తీసిన తేదీ ప్రకారం మార్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి పైథాన్‌లో రాసి ఓపెన్ సోర్స్‌గా పెట్టానండి. ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో రీడ్‌మీలో, అంటే ప్రోగ్రామ్‌తోపాటు ఇచ్చే వివరాల పేజీలో, ఆరు లైన్లలో రాశా. నా దగ్గర రెండు నిమిషాల్లో అయిపోతుంది, కానీ కొత్తవాళ్లు చాలామంది మధ్యలోనే ఆగిపోయి రావట్లేదని మెసేజ్ పెడుతున్నారు. ఇంకా వివరంగా రాద్దామంటే అంత పొడుగు ఎవరు చదువుతారని భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ దగ్గర రెండు నిమిషాల్లో ఎందుకు అవుతుందంటే మీ కంప్యూటర్లో పైథాన్ ఉంది, కోడ్ దించుకునే గిట్ ఉంది, ప్రోగ్రామ్‌లు ఎక్కడున్నాయో కంప్యూటర్‌కి చెప్పే పాత్ సెట్ అయి ఉంది, మొదట్లో మీరు పడ్డ తిప్పలు ఎప్పుడో పడేసి మర్చిపోయారు కూడా. ఆ మర్చిపోయినవన్నీ కొత్తవాళ్లకి ఇవాళ ఎదురవుతున్నాయి. అందుకే రీడ్‌మీ తిరగరాసేముందు ఒక్క పని చెయ్యండి, మీ ప్రోగ్రామ్ ఎప్పుడూ చూడనివాళ్లని ఒకర్ని కూర్చోబెట్టి, మీ ఆరు లైన్లు ఇచ్చి, పక్కన నోరు మూసుకుని చూడండి. నోరు మూసుకోవడమే కష్టం, నిజంగా చెప్తున్నా.

కొన్నాళ్ల కిందట నేను రాసిన ఒక టూల్‌ని మా పెద్దమ్మ వాళ్ల అమ్మాయి ఇన్‌స్టాల్ చేస్తుంటే అలాగే కూర్చున్నా. అక్క మొదటి లైన్ కాపీ చేసి కమాండ్లు కొట్టే టెర్మినల్ విండోలో వేసింది, కమాండ్ నాట్ ఫౌండ్ అని వచ్చింది. చూస్తే లైన్ ముందు నేను పెట్టిన డాలర్ గుర్తు కూడా కాపీ అయింది, అది ప్రాంప్ట్ అని, అంటే టెర్మినల్ తనంతట తానే చూపించే గుర్తని నాకు తెలుసు, అక్కకి ఎవరు చెప్పారు? తర్వాత అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో పాస్‌వర్డ్ అడిగింది. అక్క టైప్ చేస్తోంది, స్క్రీన్ మీద అక్షరం లేదు, చుక్క లేదు, కీబోర్డ్ పనిచెయ్యట్లేదేమో అని చెరిపి మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపి, చివరికి ఎంటర్ కొడితే సారీ, ట్రై ఎగైన్ అని వచ్చింది. అప్పుడు నా వైపు ఒక చూపు చూసింది, తప్పంతా తనదే అన్నట్టు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడోసారి పాస్‌వర్డ్ పడ్డాక డౌన్‌లోడ్ మొదలైంది, నాలుగైదు నిమిషాలు స్క్రీన్ కదల్లేదు, ఇక ఆగిపోయిందనుకుని విండో మూసేసింది. ఈ మూడింట్లో ఒక్కటి కూడా నా పేజీలో లేదండి. ఎన్నేళ్ల నుంచో ఇవే రాస్తున్నా, అయినా లేవు.

అప్పట్నుంచి నా పద్ధతి ఏంటంటే ప్రతి స్టెప్పులో ఏం కొట్టాలో రాసి, కొట్టాక స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో రాసి, అది కనిపించకపోతే ఏం చెయ్యాలో కూడా అక్కడే రాస్తా. ఉదాహరణకి సుడో దగ్గర ఇలా: "ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు టైప్ చేస్తున్నా ఏమీ కనిపించకపోవచ్చు, అది మామూలే. పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి." మూడు చిన్న వాక్యాలు, అంతే. డాలర్ గుర్తులు తీసెయ్యండి. మీ పేరు ఇక్కడ పెట్టండి అన్నట్టు యాంగిల్ బ్రాకెట్లలో రాస్తే కొంతమంది ఆ బ్రాకెట్లతో సహా కొట్టేస్తారు, కాబట్టి నిజమైన పేరు పెట్టి ఒక నమూనా కూడా చూపించండి.

ఇక మీది పైథాన్ కాబట్టి ఇంకో సంగతి. మీ ఆరు లైన్లలో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో నేరుగా పిప్ ఇన్‌స్టాల్ అని ఉంటే, లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటుల్లో 2023లో వచ్చిన డెబియన్ 12, ఉబుంటు 23.04 దగ్గర్నుంచి అది చాలామందికి ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సిస్టమ్ సొంత పనులకి కూడా పైథాన్ వాడుకుంటుంది, మనం పిప్‌తో అందులో ఏదో మారిస్తే అవి పాడవ్వచ్చు, అందుకని పెట్టిన అడ్డు అది, పైథాన్ వాళ్ల పత్రాల్లో దాని పేరు పెప్ 668. కొత్తవాళ్లు ఆ ఎర్రర్‌ని వెతికి, బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ ఎక్కడో చూసి కొట్టేస్తారు, పేరులోనే పాడుచెయ్ అని ఉన్నా సరే. ఆ పరిస్థితి రానివ్వకుండా వెన్వ్, అంటే సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోకుండా ప్యాకేజీలు వేసుకునే విడి ఫోల్డర్, చేసుకోవడం మీరే చూపించండి, 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి అది పైథాన్‌తోపాటే వస్తోంది. కాకపోతే డెబియన్, ఉబుంటుల్లో దానికి పైథాన్3-వెన్వ్ అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, ఆ లైన్ మర్చిపోతే మళ్లీ మొదటికొస్తుంది. వెన్వ్‌ని యాక్టివేట్ చేసే ఫైల్ లినక్స్, మ్యాక్‌లలో బిన్ ఫోల్డర్లో ఉంటుంది, విండోస్‌లో స్క్రిప్ట్స్ ఫోల్డర్లో, పైగా అక్కడ కమాండ్లు కొట్టే పవర్‌షెల్ అయితే స్క్రిప్టులు నడపనివ్వను అని కూడా అనొచ్చు. అందుకే మూడింటినీ ఒకే పేరాలో కలిపెయ్యకండి, విండోస్ మనిషి విండోస్ భాగం ఒక్కటే చదువుకుని పని ముగించేలా ఉండాలి.

పొడుగు గురించి భయపడొద్దు. తెలిసినవాళ్ల కోసం పైన ఒక్క లైన్ ఇచ్చేసి కింద వివరంగా రాయండి. చదవడానికి బద్ధకించి ఎవరూ ఆగిపోరు, తమ స్క్రీన్ మీద ఉన్నది పేజీలో లేకపోతేనే ఆగిపోతారు. ఆఖర్న వెర్షన్ చూసే కమాండ్ పెట్టి, ఈ నంబర్ కనిపిస్తే అయిపోయినట్టే అని చెప్పండి, ఎలా తీసెయ్యాలో కూడా రాయండి, తీసెయ్యొచ్చని తెలిస్తే వెయ్యడానికి ధైర్యం వస్తుంది. "జస్ట్", "చాలా ఈజీ" లాంటి మాటలు మాత్రం దయచేసి వద్దు, ఆగిపోయినవాళ్లకి అవి గుచ్చుకుంటాయి.

ఖాళీ డెబియన్ కంటెయినర్‌లో, అంటే ఏమీ వెయ్యని కొత్త కంప్యూటర్ లాంటి విడి వాతావరణంలో, మీ లైన్లు నడిపి చూస్తే ఏ ప్యాకేజీ మర్చిపోయారో తెలుస్తుంది, అది తప్పక చెయ్యండి. కానీ కంటెయినర్‌కి అక్క పడ్డ తికమక రాదు కదా, కాబట్టి మనుషులు కావాలి. ఎక్కువమంది అక్కర్లేదు, ఇలాంటి పరీక్షలకి ఐదుగురు చాలని, వాడేవాళ్లకి ఏది సులువో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఇద్దర్ని కూర్చోబెట్టినా మీ రీడ్‌మీ మారిపోతుంది.

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌ని కాదు. విండోస్‌లో ఒక ఓపెన్ సోర్స్ టూల్ వేసుకుందామని రెండు రోజులు కుస్తీ పట్టాను, ఏం కొట్టినా ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ అంటోంది. పైథాన్ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది. ఇవి నాకు రావేమో అని వదిలేశాను.

జవాబు: వదిలెయ్యకండి, మీరు దాదాపు వచ్చేశారమ్మా. పైథాన్ ఉన్నా అది ఎక్కడుందో విండోస్‌కి తెలియనప్పుడు అచ్చంగా ఆ మాటే అంటుంది. ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్లో కింద యాడ్ పైథాన్.ఈఎక్స్ఈ టు పాత్ (పాత వెర్షన్లలో యాడ్ పైథాన్ టు పాత్) అని ఒక చిన్న టిక్ గడి ఉంటుంది, దాన్ని మనమే టిక్ చెయ్యాలి, చాలామంది చూడకుండా దాటేస్తారు. ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపి, మాడిఫై నొక్కి, తర్వాతి స్క్రీన్లలో వచ్చే యాడ్ పైథాన్ టు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అనే గడి టిక్ చెయ్యండి, అదీ ఇదే పని చేస్తుంది. అది చేశాక ముందే తెరిచి ఉన్న విండోలో కాకుండా కొత్త విండో తెరిచి కొట్టండి, పాత్‌లో మార్పు పాత విండోలోకి రాదు.

ఇంకొక్కటి అడుగుతా. మీరు ఏ లైన్ దగ్గర ఆగారో, ఏ విండోస్ వెర్షనో, వచ్చిన ఎర్రర్ మొత్తం అక్షరాల్లోనే కాపీ చేసి ఆ టూల్ రాసినవాళ్లకి పంపండి. ఒకసారి పని అయ్యాక ఎక్కడ ఆగామో మనకే గుర్తుండదు, అందుకే ఈరోజే రాసిపెట్టుకోండి, టిక్ గడి సంగతి వాళ్ల పేజీలో లేకపోతే అది కూడా రాయండి.