ఇంటి కంప్యూటరులో చేరిన యాడ్‌వేర్ గురించి అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చదివాను. కంప్యూటర్ తెరిచిన కాసేపటికే తెర కుడివైపు కింది మూలన ప్రకటనలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయనీ, ఏదైనా వెతికితే ఎన్నడూ చూడని సెర్చ్ పేజీ ఏదో తెరుచుకుంటోందనీ, "మీ కంప్యూటరులో వైరస్ ఉంది" అనే హెచ్చరిక చూసి పిల్లలు హడలిపోతున్నారనీ రాశావు. ఇవన్నీ యాడ్‌వేర్ లక్షణాలే. మనకు ప్రకటనలు చూపించి, మన వెతుకులాటను తనకు లాభం వచ్చే పేజీలకు మళ్ళించి డబ్బు చేసుకోవడం దాని పని. ఫైళ్ళను చెరపడం మామూలుగా దాని ఉద్దేశం కాదు కనుక మరీ కంగారు పడకు. అలాగని ఉంటే ఉందిలే అని వదిలెయ్యకు, ఎందుకంటే మనం ఏం వెతుకుతున్నామో, ఏ పేజీలు చూస్తున్నామో కనిపెట్టే వీలు దానికి ఉంటుంది, పైగా అది చూపించే ప్రకటనలే అంతకన్నా ప్రమాదకరమైన వాటికి దారి తీస్తాయి.

అన్నిటికంటే ముందు ఒక మాట విను. యాడ్‌వేర్‌ను తీసేసే సాధనం కోసం ఆ కంప్యూటరులోనే వెతకడం మొదలుపెట్టకు. నీ సెర్చ్ ఫలితాలే దాని చేతిలో ఉన్నప్పుడు, అది పైన చూపించే "ఉచిత క్లీనర్" ఎలాంటిదో ఊహించుకో. యాడ్‌వేర్ చాలావరకు మనం ఎక్కడో ఒకచోట నొక్కిన ఒక అనుమతి మీదనే లోపలికి వస్తుంది, కాబట్టి దాన్ని వదిలించుకోవడమంటే ఆ అనుమతి ఎక్కడ ఇచ్చామో కనిపెట్టి వెనక్కి తీసుకోవడమే. అనుమతులు ఇచ్చిన చోట్లు మూడు ఉంటాయి: బ్రౌజర్ నోటిఫికేషన్లు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజరుకు అదనపు పనులు జతచేసే చిన్న ప్రోగ్రాములు), కంప్యూటరులో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాములు. ఈ వరుసలోనే వెళ్ళు, ఎందుకంటే మొదటిది అన్నిటికన్నా తేలిక, నీ బాధలో సగం అక్కడే తీరిపోతుందని నా నమ్మకం.

కుడి మూలన వచ్చే ఆ ప్రకటనను ఈసారి మూసెయ్యకుండా ఒక్క క్షణం పరీక్షగా చూడు. పైన పెద్ద అక్షరాలతో "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది" అనో, ఎర్రటి హెచ్చరిక గుర్తో ఉంటుంది కానీ, దానితోపాటే చిన్న అక్షరాలతో క్రోమ్ అనో ఎడ్జ్ అనో బ్రౌజర్ పేరూ, పక్కనే అర్థంపర్థం లేని ఒక సైటు పేరూ కనిపిస్తాయి. అలా కనిపించాయంటే అది వైరస్సూ కాదు, నీ యాంటీవైరస్ పంపిన సందేశమూ కాదు. ఎవరో ఎప్పుడో ఏదో పేజీలో "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అన్న మాట నమ్మి నొక్కారన్నమాట. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటుకు ఎప్పుడంటే అప్పుడు నీ తెర మీద సందేశం వేసే హక్కు వచ్చింది, ఆ పేజీ మూసేసినా హక్కు పోదు. యాంటీవైరస్‌తో ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే: అక్కడ పట్టుకోవడానికి ప్రోగ్రామ్ అంటూ ఏదీ లేదు.

క్రోమ్‌లో కుడివైపు పైనున్న మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్ళు. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే, అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. నువ్వు గుర్తుపట్టలేని ప్రతి పేరునూ తీసెయ్యి. ఎడ్జ్‌లోనూ ఇలాంటి జాబితా సైట్ పర్మిషన్స్ కింద ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ పేజీ లోపల పర్మిషన్స్ అనే భాగంలో ఉంటుంది. ఆ పని అయ్యాక, ఇక మీదట ఏ సైటూ నోటిఫికేషన్ల కోసం అడగకుండా ఆపేసే ఎంపిక కూడా అక్కడే ఉంది, దాన్ని ఎంచుకో. ఇంట్లో వాడే కంప్యూటరుకు వెబ్‌సైట్ల నోటిఫికేషన్లతో పని పడే సందర్భం నాకైతే ఒక్కటీ కనిపించలేదు.

సెర్చ్ పేజీ మారిపోవడం మాత్రం సాధారణంగా ఎక్స్‌టెన్షన్ పని. బ్రౌజర్ మెనూలో ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచి, ఒక్కొక్కటీ ఎందుకు ఉందో నిన్ను నువ్వే అడుగు. కూపన్లు వెతికిపెట్టేవి, పీడీఎఫ్ మార్చేవి, వాతావరణం చూపేవి, కొత్త ట్యాబ్‌కు అందమైన బొమ్మలు పెట్టేవి ముందు తీసెయ్యి. ఒకప్పుడు మంచిదే కదా అని వేటినీ కాపాడకు. 2014 జనవరిలో "యాడ్ టు ఫీడ్లీ", "ట్వీట్ దిస్ పేజ్" అనే ఎక్స్‌టెన్షన్లను గూగుల్ తన స్టోర్ నుంచి తొలగించింది. వాటిని మొదట తయారుచేసినవారు ఇతరులకు అమ్మేశారు, కొన్నవారు అప్‌డేట్ రూపంలో ప్రకటనలు చొప్పించారు. వాడేవారికి ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో తెలియనే తెలియదు. 2021 ఫిబ్రవరిలో "ది గ్రేట్ సస్పెండర్" కూడా ఇలాగే చేతులు మారాకనే తొలగింపుకు గురైంది. అందుకే ఎక్స్‌టెన్షన్లు ఎంత తక్కువ ఉంటే అంత నిశ్చింత.

తీసేసిన ఎక్స్‌టెన్షన్ మళ్ళీ తిరిగొస్తే రెండు కారణాలు వెతుకు. మొదటిది సింక్: అదే ఖాతాతో ఇంకో కంప్యూటరులోనూ బ్రౌజర్ వాడుతుంటే, అక్కడున్నది ఇక్కడికి చేరుతుంది. రెండుచోట్లా సింక్ ఆపి, రెండింటినీ శుభ్రం చేసి, ఆ తర్వాతనే సింక్ తిరిగి పెట్టు. రెండోది, తీసెయ్యడానికి బటనే పనిచెయ్యకపోవడం. మూడు చుక్కల మెనూ అట్టడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అనే వాక్యం ఉందేమో చూడు. ఆఫీసు కంప్యూటరులో అది సహజం. ఇంట్లో సొంతంగా కొన్న కంప్యూటరులో కనిపిస్తే, ఏదో ప్రోగ్రామ్ బ్రౌజర్ మీద పాలసీ, అంటే మనం మామూలుగా మార్చలేని నియమం, పెట్టిందని అర్థం. కొన్ని నిజమైన యాంటీవైరస్‌లు కూడా ఇలా చేస్తాయి గనుక అది ఒక్కటే చూసి తీర్పు చెప్పకు. కానీ తొలగించలేని ఎక్స్‌టెన్షన్‌తో కలిసి అది కనిపించిందంటే మాత్రం ప్రోగ్రామ్ రూపంలోనే యాడ్‌వేర్ ఉన్నట్టు లెక్క.

అప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా తెరిచి, దాన్ని తేదీల వారీగా అమర్చు. ఈ బెడద ఏ రోజు మొదలైందో నీకు గుర్తుంది కదా, ఆ రోజునా దానికి ఒకటి రెండు రోజుల ముందూ ఏమేమి చేరాయో చూడు. ఒకే తేదీన నువ్వు వేసుకున్న వీడియో ప్లేయరుతోపాటు నీకు తెలియని పేర్లు రెండు మూడు ఉంటే దొంగలు అవే. అయితే "మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్" వంటివీ, గ్రాఫిక్స్ కార్డు, ప్రింటరు డ్రైవర్లూ పేరు తెలియదని తీసెయ్యకు, వాటి మీద ఆధారపడిన మంచి ప్రోగ్రాములు ఆగిపోతాయి. యాడ్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే ప్రశ్నలను నిదానంగా చదువు. "ఉంచుకోండి" అనే బటన్ పెద్దగా రంగులో ఉండి, "తొలగించు" అనేది లేత బూడిద రంగు అక్షరాలలో పక్కన నక్కి ఉంటుంది.

ఆ తర్వాత మూడు మూలలు చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో స్టార్టప్ భాగంలో తెలియనివాటిని డిసేబుల్ చెయ్యి. బ్రౌజర్ తనంతట తానే ఒకే వ్యవధిలో మాటిమాటికీ తెరుచుకుంటుంటే వేళకు పనులు నడిపించే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఏదో పని నమోదై ఉంటుంది, దాన్నీ డిసేబుల్ చెయ్యి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అనే చోట, నువ్వు పెట్టని ప్రాక్సీ సర్వరు (మన ఇంటర్నెట్ రాకపోకలను మధ్యలో తన గుండా నడిపించేది) ఏదైనా ఆన్ అయి ఉంటే ఆపెయ్యి. ఇవి కాక బ్రౌజర్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే పెట్టె కూడా చూడు. అక్కడ ప్రోగ్రామ్ దారి చివర ఒక వెబ్‌సైటు చిరునామా అతికించి ఉంటే, హోమ్‌పేజీని ఎన్నిసార్లు మార్చినా బ్రౌజర్ ఆ సైటుతోనే ఎందుకు తెరుచుకుంటోందో అప్పుడు తెలుస్తుంది. ఆ చిరునామా వరకు చెరిపితే చాలు.

ఇప్పుడు స్కాన్. విండోస్‌తోపాటే వచ్చే విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ చేసి, అనుమానం తీరకపోతే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకో. అది కంప్యూటరును తిరిగి ప్రారంభించి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, సుమారు 15 నిమిషాలు పడుతుంది, కాబట్టి తెరిచి ఉన్న పనులన్నీ ముందే సేవ్ చేసుకో. అదే విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ కింద, రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో "పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్" అనేది ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడు. చట్టం దృష్టిలో యాడ్‌వేర్‌కు మన అనుమతి ఉన్నట్టే కనిపిస్తుంది గనుక చాలా ఏళ్ళపాటు యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌గా లెక్కపెట్టడానికి వెనుకాడాయి, ఈ మీట ఉన్నది అలాంటివాటి కోసమే. రెండో అభిప్రాయం కావాలంటే యాడ్‌డబ్ల్యూక్లీనర్ అనే చిన్న ఉచిత సాధనం మంచిది. 2016 నుంచి అది మాల్‌వేర్‌బైట్స్ సంస్థది, వారి సొంత సైటు నుంచే, వీలైతే వేరే శుభ్రమైన కంప్యూటరులో దించుకొని తెచ్చుకో. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు నిరంతరం కాపలా కాసేలా మాత్రం పెట్టకు, ఒకదాని పనికి ఇంకొకటి అడ్డుపడుతుంది.

చివరగా బ్రౌజర్ సెట్టింగ్స్‌లో రీసెట్ నొక్కు. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోతాయని భయపడకు, అవి ఉంటాయి. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, సెర్చ్ ఇంజిన్, మొదటి పేజీ మామూలు స్థితికి వస్తాయి, కుకీలు పోతాయి కాబట్టి సైట్లలో మళ్ళీ లాగిన్ కావాలి. అంతా సర్దుకున్నాక బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చుకో.

ఇక మళ్ళీ రాకుండా చూసుకోవడం గురించి. ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోవడం తప్పు కాదు, అది ఎక్కడ నుంచి దించుకుంటున్నావన్నదే ముఖ్యం. పేరున్న డౌన్‌లోడ్ సైటు కదా అని కూడా నమ్మకూడదు. సోర్స్‌ఫోర్జ్ ఒకప్పుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పుట్టిల్లు అనిపించుకున్న సైటు. అలాంటిది 2015లో గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ విండోస్ ఇన్‌స్టాలరుకు ఇతర ప్రోగ్రాముల ఆఫర్లు జతచేసి ఇస్తోందని ఆ గింప్ తయారీదారులే బయటపెట్టారు. 2016లో యాజమాన్యం మారాక ఆ పద్ధతి ఆపేశారు. కాబట్టి తయారుచేసినవారి సొంత సైటు నుంచో, విండోస్‌లో ఉన్న స్టోర్ నుంచో మాత్రమే తీసుకో. సెర్చ్ ఫలితాల్లో అన్నిటికన్నా పైన ప్రకటనగా వచ్చేదాన్ని నొక్కకు. అసలు సంస్థల పేరుతో నకిలీ సైట్లు సెర్చ్ ప్రకటనలు కొంటున్నాయని, ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ వాడమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో ప్రజలకు చెప్పింది. నేను ఎక్స్‌టెన్షన్లు తగ్గించమన్నాను కానీ, ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటి మాత్రం ఉంచుకో. ఫైర్‌ఫాక్స్‌లో అది పూర్తిగా పనిచేస్తుంది, క్రోమ్‌లో దాని లైట్ రూపం దొరుకుతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఎక్స్‌ప్రెస్" అనీ "రికమెండెడ్" అనీ ఉన్న దారి పట్టకు. "కస్టమ్" లేదా "అడ్వాన్స్‌డ్" ఎంచుకుంటేనే, ముందే టిక్ పెట్టి ఉంచిన అదనపు ప్రోగ్రాములు బయటపడతాయి. మధ్యలో ఒక పేజీ నిబంధనల పత్రంలా కనిపించి, వేరే ప్రోగ్రామ్ పేరు చెబుతుంది, దానికి "డిక్లైన్" నొక్కితే నీకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఆగిపోదు. దొంగ కీలతో వచ్చే సాఫ్ట్‌వేర్లూ ఆటలూ ఇంట్లోకి రానివ్వకు. ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేసుకోమని ఏ పేజీ అడిగినా అది అబద్ధమే, అడోబీ సంస్థ ఆ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో స్వస్తి చెప్పింది.

రెండు విషయాలు పిల్లలకు గట్టిగా చెప్పు. తెర నిండా హెచ్చరికతో ఫోన్ నంబరు కనిపిస్తే ఆ నంబరుకు ఫోన్ చెయ్యకూడదు, మైక్రోసాఫ్ట్ హెచ్చరికలలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఎస్కేప్ కీని కాసేపు నొక్కిపట్టాలి, లేదా టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్ మూసెయ్యాలి. ఇక రోబో కాదని నిరూపించడానికి విండోస్ కీతో ఆర్ నొక్కి, ఏదో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమని ఏ పేజీ అయినా చెబితే వెంటనే మూసెయ్యాలి, అలా చేస్తే వారి ఆదేశాన్ని మన చేతులతో మనమే కంప్యూటరుకు ఇచ్చినట్టు అవుతుంది. పిల్లలకు విడిగా స్టాండర్డ్ ఖాతా పెట్టి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచుకో.

అయినా ఒక్కోసారి మన తప్పేమీ లేకుండానే ఇది వస్తుంది. 2014 చివర్లో, 2015 మొదట్లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే యాడ్‌వేర్ కొన్నప్పటి నుంచే ఉండేది. భద్రమైన బ్యాంకు పేజీల మధ్య కూడా దూరగలిగేలా అది తన సొంత సర్టిఫికెట్ (సైటు అసలుదేనని బ్రౌజరుకు హామీ ఇచ్చే పత్రం) పెట్టుకుంది, దాని రహస్య తాళం అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఒకటే కావడం పెద్ద దుమారం లేపింది. అందుకని కొత్త కంప్యూటరు కొన్న రోజునే యాప్‌ల జాబితా తెరిచి చూసే అలవాటు చేసుకో.

ఇన్ని చేసినా ప్రకటనలు ఆగకపోతే, ఫొటోలూ పత్రాలూ బయటి డ్రైవులో కాపీ చేసుకొని విండోస్ రీసెట్ చెయ్యడమే మిగులుతుంది. కానీ ఆ పనికి దిగే ముందు, కుడి మూలన వచ్చే సందేశాన్నీ, ఎక్స్‌టెన్షన్ల జాబితానూ, తేదీల వారీగా అమర్చిన యాప్‌ల జాబితానూ ఫోనుతో ఫొటోలు తీసి నాకు పంపు.

ఇట్లు,
నీ పెద్దమ్మ