ఆపరేషన్ ఉచితమే, దాని తరువాతి భారమే మనది

మీ రెండేళ్ల పాపకు పుట్టుకతోనే చెవుడు ఉందని బెరా పరీక్షలో (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే పరీక్ష) తేలిందనీ, ప్రభుత్వ పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఉచితంగా అమరుస్తామంటున్నారనీ రాసి, అది వేయిస్తే మాటలు వచ్చేస్తాయా అని అడిగారు. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, వేరుశనగ సేద్యం. మా అబ్బాయికి మూడేళ్లు నిండాక ఈ ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్నాడు.

ఆపరేషన్‌తోనే మాటలు రావు. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచి చెవికి అందిస్తుంది. ఇంప్లాంట్ మాత్రం కాక్లియాలో (లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగం) శబ్దాన్ని పట్టే రోమకణాలు దెబ్బతిన్నా వాటితో పని లేకుండా నేరుగా శ్రవణ నాడికే విద్యుత్ సంకేతాలు పంపుతుంది. మామూలు చెవిలో సుమారు 3500 లోపలి రోమకణాలు చేసే పనిని, కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు నెట్టుకురావాలి. కాబట్టి మొదట్లో బిడ్డకు అందేది అర్థంలేని చప్పుడే. స్విచ్ ఆన్ చేసిన రోజు మావాడు బెదిరి ఏడ్చాడు. మనవడు పిలుస్తాడని కొబ్బరికాయతో సహా వచ్చిన మా అమ్మ ఆ పిలుపు కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూసింది.

ఆ పద్నాలుగు నెలలు ఎలా గడుస్తాయన్నదే అసలు ప్రశ్న. వినడం, మాట్లాడడం నేర్పే థెరపీ కోసం వారానికి రెండుసార్లు అనంతపురం, అంటే పోనూ రానూ 120 కిలోమీటర్లకు తక్కువ కాదు. నా భార్య కూలి పనులు మానుకుంది, చివరికి అక్కడే గది అద్దెకు తీసుకున్నాం. అదే వార్డులో ఆపరేషన్ అయిన మరో బాబు వాళ్లది బెంగళూరు, థెరపీ కేంద్రం వాళ్ల పక్క వీధిలోనే ఉండేది. మావాడు ఒక్కో పేరూ కూడబలుక్కుంటున్న నాటికి ఆ బాబు వాక్యాలు మాట్లాడాడు. మా మండలంలోనే ఇంకొక పాప విషయం మరీ బాధాకరం: శబ్దాన్ని పట్టి తల లోపలి భాగానికి పంపే బయటి ప్రాసెసర్ కేబుల్ తెగితే కొత్తది కొనలేక ఇంట్లోవాళ్లు దాన్ని బీరువాలో పెట్టేశారు. లక్షల విలువైన పరికరంలో సగం ఆ బిడ్డ తలలో ఉంది, సగం బట్టల మధ్య ఉంది.

అందుకని సంతకం పెట్టే ముందు వారంటీ ఎన్నేళ్లో, కేబుల్, కాయిల్ (తలకు అతుక్కునే బిళ్ల), బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయో, మ్యాపింగ్‌కు, అంటే బిడ్డ వినికిడికి తగ్గట్టు పరికరాన్ని సరిచేయించడానికి, ఏ ఊరు వెళ్లాలో గట్టిగా అడగండి. మాకు వారంటీ ముగిసిన ఏడాదే ప్రాసెసర్ పాడైంది. మన ఎండలకు చెమట చేరి మైకు చెడుతుంది కాబట్టి రాత్రిపూట తేమను పీల్చే డబ్బాలో పెట్టడం మరువకండి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఇప్పుడే తీసుకోండి, తరువాత ప్రతి దరఖాస్తుకూ అడుగుతారు.

అయితే ఈ కష్టాలకు జడిసి వాయిదా వేయకండి. "వీడి మామకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదులే" అన్న పెద్దల మాట విని మేము ఒక ఏడాది పోగొట్టుకున్నాం. భాషను పట్టుకునే శక్తి మెదడుకు తొలి ఏళ్లలోనే ఎక్కువ.

థెరపీలో చేతి సైగలు వాడవద్దని మాకు చెప్పారు, కొన్నాళ్లు పాటించాం కూడా. నా మట్టుకు అది పొరపాటే. ప్రాసెసర్ తీసేస్తే మావాడు మళ్లీ పూర్తిగా చెవిటివాడే. స్నానం చేయించేటప్పుడూ, పడుకోబెట్టేటప్పుడూ, కరెంటు లేక బ్యాటరీ అయిపోయినప్పుడూ ఇప్పుడు మేము చేతులతోనే మాట్లాడుకుంటున్నాం.