రెండు పుష్కరాల మధ్య మా డ్రాయింగ్ స్కూలు

రాజమండ్రిలో ఒకప్పుడు డ్రాయింగ్ స్కూళ్ళు ఉండేవట, అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, అవి ఎందుకు మూతపడ్డాయి అని అడిగారు. నేనున్నానండి. 1991 నుంచి 94 దాకా ఒక మేడమీద స్కూల్లో నేర్చుకున్నాను. స్కూలు పేరు, మాస్టారి పేరు మాత్రం చెప్పను, వాళ్ళ కుటుంబం ఊళ్ళోనే ఉంది.

స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. మెయిన్ రోడ్డు పక్క సందులో కింద ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు, పైన ఒక పొడుగాటి గది. మెట్లెక్కుతుంటే మిర్చి ఘాటు, తలుపు తీస్తే టర్పెంటైన్ వాసన. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం తుమ్ముతూనే గీసేవారు. గది మధ్యలో స్టూలు, దాని మీద ఒక మట్టి కూజా, ఇత్తడి చెంబు, ఇటుక. చుట్టూ మేము. చెయ్యి బారుగా చాపి, పెన్సిల్ నిలబెట్టి, ఒక కన్ను మూసి కొలత తీసుకోవాలి. కూజా మూతి కంటే అడుగు ఎక్కువ గుండ్రంగా ఎందుకు కనిపిస్తుందో అర్థం కావడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. మాస్టారు వెనకాల నిలబడి, "నీ కూజా కూర్చోలేదురా, జారిపోతోంది" అనేవారు. రబ్బరు అడిగితే ఇచ్చేవారు కాదు. కొత్త కాగితం తీసుకోమనేవారు. కాగితం డబ్బులు మావే!

పెద్ద చిత్రకారులం అయిపోదామని వచ్చినవాళ్ళు మాలో చాలా తక్కువ. ఎక్కువమంది గవర్నమెంటు పరీక్షల కోసం వచ్చేవారు. ముందు డ్రాయింగ్ లోయర్, తర్వాత హయ్యర్, ఆపైన ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్. అదృష్టం బాగుంటే స్కూల్లో డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం. ఆడపిల్లలు కొందరు దీంతోపాటు టైలరింగ్ లోయర్ కూడా కట్టేవారు, రెండిట్లో ఏదో ఒకటి అక్కరకొస్తుందని. ఒకతను ఫోటో స్టూడియో నుంచి వచ్చేవాడు. నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో మొహం మచ్చలు పోగొట్టే టచింగ్ పని వాడిది. బంగారం పని చేసేవాళ్ళ అబ్బాయి నెక్లెస్ డిజైన్ల కోసం. ఇంకొకడు సైన్‌బోర్డు ఆర్టిస్టు కొడుకు, అక్షరాల్లో మా అందరికీ వాడే గురువు.

నేను చేరిన ఏడాదే గోదావరి పుష్కరాలు. ఊరంతా దారి చూపించే బోర్డులు, బ్యానర్లు. ఊళ్ళో ఆర్టిస్టులు చాలక ఆ పని మా స్కూలు దాకా వచ్చింది. దారానికి రంగుపొడి పూసి, రేకు మీద బిగపట్టి లాగి వదిలితే గీత పడుతుంది. దాని మీద అక్షరాలు దిద్దాలి. నా మొదటి సంపాదన అదే. మొదటి తప్పూ అక్కడే. "స్నానఘట్టము" అని రాయాల్సిన చోట ఒత్తు వదిలేసి "స్నానఘటము" అని రాశాను. మాస్టారు ఆగి చూసి, "జనాన్ని కుండలో ముంచుతావట్రా?" అన్నారు. అప్పటికి ఎనామిల్ పెయింట్ ఆరిపోయింది. ఆ సందులో ఒత్తు ఇరికిస్తే అది ఈగ వాలినట్టు ఉండేది. బోర్డు అలాగే కట్టేశారు.

ఆదివారాలు కొన్నిసార్లు గోదావరి గట్టు మీదున్న, ఈ ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట పెట్టిన ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర రామారావు గారిని చిన్నప్పుడే గుర్తించి, బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి వెళ్ళేలా చేశారు. తిరిగొచ్చి ఈ ఊళ్ళోనే పిల్లలకు నేర్పిన రామారావు గారు 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే, మశూచితో పోయారు. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ తర్వాత కూడా ఆయన స్కూలు నడిపించారు. మాకు ఈ చరిత్ర అప్పట్లో తలకెక్కలేదు. రామారావు గారి బొమ్మ "సిద్ధార్థ రాగోదయం" ముందు నిలబడి ఆ బట్టల మడతలు ఎలా వేశారా అని మాత్రం చూసేవాళ్ళం.

ఇక ఎందుకు పోయాయంటే, పిల్లలకు బొమ్మల మీద ఇష్టం పోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఇష్టం అప్పుడూ కొద్దిమందికే. స్కూలు నడిచింది సర్టిఫికెట్ మీద, బోర్డు పని మీద. డ్రాయింగ్ మాస్టారి పోస్టులు ఎప్పుడు పడతాయో తెలియక ఫీజు కట్టేవాళ్ళు తగ్గారు. ఎన్నికలొస్తే గోడల రాతలతో మా సీనియర్లకు రెండు నెలల తిండి దొరికేది. శేషన్ గారు ఎన్నికల కమిషనర్‌గా గోడ రాతల మీద పట్టు బిగించాక అదీ పల్చబడింది. (దేశానికి మంచిదే, మాకు కాదు.) చివరికి ఫ్లెక్సీ వచ్చింది. రేకు బోర్డుకి రెండు రోజులు పట్టే చోట గంటలో చేతికిచ్చేస్తారు, అందులో ఫోటో కూడా!

2003 పుష్కరాలకి ఊరంతా ఫ్లెక్సీలే. వాటిలో కొన్ని నేను చేసినవే అని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అప్పటికి డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు, పేజీలు కూర్చే పని, నేర్చుకుని ఒక షాపులో కూర్చునేవాణ్ణి. అన్ని బోర్డుల మీదా "అను" అనే ఒకటే కంప్యూటర్ ఫాంటు. అంతకుముందైతే "శ్రీ" చూడగానే అది ఎవరి చెయ్యో చెప్పేసేవాళ్ళం. మాస్టారు ఒకసారి షాపుకి వచ్చారు. వాళ్ళమ్మాయి పెళ్ళి బ్యానర్ కోసం. బేరం ఆడలేదు. స్క్రీన్ వైపు కాసేపు చూసి, "ఆ అక్షరాల మధ్య ఎడం ఎక్కువైంది, కొంచెం దగ్గరికి లాగు" అన్నారు. లాగాను.

ఆ ఏడాది చివర్లోనే గది ఖాళీ చేశారు. కావలసినవి తీసుకెళ్ళమంటే నేను టీ స్క్వేర్ (T ఆకారంలో ఉండే గీతల బద్ద) తెచ్చుకున్నాను. చెంబు వాళ్ళింట్లోనే ఉందట. ఆ బ్యాచ్ వాళ్ళెవరైనా ఇది చదివితే చెప్పండి, కూజా ఎవరు పట్టుకెళ్ళారు?