శాటిలైట్ సిగ్నల్ దొంగచాటుగా వినొచ్చా? నేను చూసింది చెప్తాను

"శాటిలైట్‌లో వెళ్లే మాటలు, డేటా మధ్యలో ఎవరైనా వినగలరా, ఎలా కాపాడుకోవాలి" అని అడిగారు. వినగలరు. నేనే విన్నాను, అదీ వినాలని కూర్చోకుండానే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. డిష్‌లు బిగించే పని. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. కొండచరియలు విరిగిపడి కొన్ని ఊళ్లకి దారే లేదు, మా వీధికి కరెంటు లేదు. మూడో రోజో నాలుగో రోజో జనరేటర్ వేసి, గాలికి పక్కకి తిరిగిపోయిన ఎనిమిదడుగుల డిష్‌ని సరిచేసి రిసీవర్‌లో సెర్చ్ కొడితే పేరు లేని ఛానెల్ ఒకటి తగిలింది. చూస్తే ఎవరో న్యూస్ వాళ్ల ఓబీ వ్యాన్ (బయట నుంచి లైవ్ పంపే బండి) నుంచి శాటిలైట్ మీదుగా స్టూడియోకి వెళ్లే వీడియో. లైవ్ ఇంకా మొదలుకాలేదు, కెమెరా, మైకు మాత్రం ఆన్‌లోనే ఉన్నాయి. ఒక ముసలాయన బురద అంటిన పాస్‌బుక్ తెరిచి పట్టుకుని "మా వాడు పోయాడు బాబూ, సర్కారు డబ్బు ఇందులోనే పడతాదా" అని రిపోర్టర్‌ని అడుగుతున్నాడు. అకౌంట్ నంబర్ టీవీలో ఇంతింత అంకెలతో కనిపిస్తోంది. పక్కనున్న మా బావ దాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. గబుక్కున రిసీవర్ ఆపేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శాటిలైట్ అంటే ఎక్కడో 36,000 కిలోమీటర్ల పైన ఉంది కదా, ఎవరికి అందుతుందిలే అనుకుంటారు. పైనున్న మామూలు శాటిలైట్ చేసేదల్లా కింద నుంచి వచ్చినదాన్ని ఫ్రీక్వెన్సీ మార్చి, బలం పెంచి మళ్లీ కిందకి కొట్టడమే, ఆ సిగ్నల్ దేశమంతా పడుతుంది. కాబట్టి పైకి పంపకముందే ఎన్‌క్రిప్ట్ చేయాలి, అంటే తాళంచెవి లాంటి కోడ్ ఉన్నవాళ్లకే అర్థమయ్యేలా మార్చేయాలి, వేరే దారి లేదు. 2025లో అమెరికాలో రెండు యూనివర్సిటీల వాళ్లు సుమారు 800 డాలర్ల సామానుతో 39 శాటిలైట్లను పరిశీలిస్తే దాదాపు సగం సిగ్నళ్లకి ఎన్‌క్రిప్షనే లేదు, జనం ఫోన్ కాల్స్, మెసేజ్‌లు కూడా దొరికాయి. మన ఫోన్ నుంచి టవర్ దాకా రక్షణ ఉంటుంది, టవర్ నుంచి అవతలికి, కొన్నిచోట్ల శాటిలైట్ మీదుగానే, ఎలా పంపుతున్నారో మనకెవరూ చెప్పరు. కొండల మీద టవర్ నుంచి టవర్‌కి వెళ్లే మైక్రోవేవ్ సిగ్నల్ సన్నటి కిరణంలా పోతుంది కాబట్టి కాస్త నయం, కానీ అదీ రేడియోనే, దారిలో నిలబడితే అందుతుంది.

ఎన్‌క్రిప్షన్‌కి లైసెన్స్ ఖర్చు, కొంత బ్యాండ్‌విడ్త్ (లింకులో డేటా పట్టే చోటు) పోతుంది అంటారు. నా లెక్కలో అది డబ్బు మిగుల్చుకోవడం తప్ప ఇంకేం కాదు.

మీ బ్యాంకు మేడ మీద డిష్ ఉంటే మేనేజర్‌ని సూటిగా అడగండి, ఈ లింకుకి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేశారా అని. మీవరకు మీరు ముఖ్యమైన మాటలు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మాట్లాడే ఇద్దరి ఫోన్లలోనే తెరుచుకునేది) ఉన్న యాప్‌లోనే మాట్లాడుకోండి, అప్పుడు మధ్యలో ఎవరు పట్టుకున్నా అర్థం లేని అంకెలే చేతికొస్తాయి.