లిఫ్ట్ కిట్ ఇంట్లోనే బిగిస్తే నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికొచ్చేది నెలకు 92,000. అద్దె 22,000, ఇంటి ఖర్చులు 24,000, మారుతి జిమ్నీ లోన్ ఈఎంఐ 21,400 (9 శాతం వడ్డీ, ఇంకా 38 నెలలు), సిప్ 10,000. సేవింగ్స్ ఖాతాలో 1.9 లక్షలు ఉన్నాయి. భార్య, రెండేళ్ల పాప నా మీదే ఆధారపడ్డారు. నెలకు రెండుసార్లు వికారాబాద్ వైపు మట్టి దారుల్లో బండి తిప్పుతాను. దానికి 50 మి.మీ. సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ (బాడీని పైకి లేపే పొడవాటి స్ప్రింగ్‌లు, షాక్ అబ్సార్బర్లు) వేయాలనుంది. కిట్ ధర 68,000. లేబర్ 14,000 అడుగుతున్నారు. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనే బిగించుకుంటే అది మిగులుతుంది కదా? సామాను మాత్రం బండితో వచ్చిన జాకీ తప్ప ఏమీ లేదు. ఏడు నెలలు సిప్ ఆపి కొనొచ్చా? వారంటీ ఇంకా 14 నెలలుంది. కొటేషన్ జత చేశాను.

జవాబు: మీ కొటేషన్‌లో పై వరుస మాత్రమే చూసి లెక్క వేసుకున్నారు. దాని కింద ‘ఆప్షనల్’ అంటూ నాలుగు వరుసలున్నాయి: క్యాస్టర్ బుష్‌లు 7,500, ముందు వెనక అడ్జస్టబుల్ ప్యాన్‌హార్డ్ రాడ్లు 19,000, పొడవాటి బ్రేక్ హోస్‌లు 8,500, బంప్ స్టాప్‌లు (స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు దెబ్బ ఆపే దిమ్మెలు) 3,000. మొత్తం 38,000. 50 మి.మీ. ఎత్తు లేపే బండికి వీటిలో ఒక్కటి కూడా ఆప్షనల్ కాదు.

ఎందుకో చెబుతాను. జిమ్నీకి ముందు, వెనక రెండూ రిజిడ్ యాక్సిల్‌లే, అంటే ఎడమ, కుడి చక్రాలను ఒకే గట్టి ఇరుసు కలుపుతుంది. ముందు యాక్సిల్‌ను పట్టుకుని ఉండే ఆర్మ్‌లు ఛాసిస్‌కు ఒక కోణంలో ఉంటాయి. బాడీ పైకి లేస్తే ఆ కోణం మారి, యాక్సిల్ కొంచెం ముందుకు తిరిగి, క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. అప్పుడు మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు. ఊళ్లో 40లో పోతుంటే తెలియదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద 90లో బండి అటూ ఇటూ తేలుతుంది. దాన్ని సరిచేసేవి క్యాస్టర్ బుష్‌లు, అంటే ఆ ఆర్మ్‌లలో ఇమిడే తొడుగులు. యాక్సిల్ పక్కలకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ, అదే ప్యాన్‌హార్డ్ రాడ్, దానిది ఇంకో కథ. దాని పొడవు మారకుండా బాడీ లేస్తే యాక్సిల్ మొత్తం ఒక పక్కకు జరుగుతుంది. ముందు చక్రాలు ఒక వైపు ఎక్కువగా బయటకు కనిపిస్తాయి. స్టీరింగ్ లింకేజీ కోణం కూడా మారుతుంది కాబట్టి బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే, తిప్పుతున్నారని సెన్సర్ అనుకుని ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లైటు వెలిగిస్తుంది. ఇక బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం): చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు అది బిగుసుకుపోకూడదు. ఇది మీ పాప కూర్చునే బండి, హోస్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు.

ఇప్పుడు లేబర్ మిగులు సంగతి. మీ దగ్గర బండితో వచ్చిన జాకీ తప్ప ఏమీ లేదని రాశారు. ఈ పనికి ట్రాలీ జాక్, నాలుగు జాక్ స్టాండ్‌లు, టార్క్ రెంచ్, పొడవాటి బ్రేకర్ బార్, సాకెట్ సెట్, చక్రాల కింద పెట్టే అడ్డుకట్టలు కావాలి. కనీసం 13,000 వేసుకోండి. క్యాస్టర్ బుష్‌లు ఆర్మ్‌లోకి హైడ్రాలిక్ ప్రెస్ లేకుండా ఎక్కవు, ఆర్మ్‌లు విప్పి వర్క్‌షాప్‌కు పట్టుకెళ్లాల్సిందే. చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పదు, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించుకోవడమూ తప్పదు. ఈ మూడింటికీ 4,000 అనుకోండి. ఇంట్లో చేస్తే: 68,000 + 38,000 + 13,000 + 4,000 = 1,23,000. వర్క్‌షాప్‌లో చేయిస్తే: 68,000 + 38,000 + 14,000 = 1,20,000. మీరు మిగులుతుందనుకున్న 14,000 మిగలకపోగా ఇంకో 3,000 చేతి నుంచి పడుతోంది. సామాను మీ దగ్గరే ఉండిపోతుంది, నిజమే. దాన్ని మళ్లీ మళ్లీ వాడేవారికి అది లాభం. ఒక్క కిట్ కోసమైతే కాదు.

అసలు ఈ లిఫ్ట్‌తో వచ్చేదేమిటో కూడా చూడండి. మీ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 210 మి.మీ. రిజిడ్ యాక్సిల్ బండిలో రాయికి ముందుగా తగిలేది డిఫరెన్షియల్, అంటే యాక్సిల్ మీద గేర్లుండే ఉబ్బు. స్ప్రింగ్‌లు మార్చినంత మాత్రాన అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, దాని ఎత్తు టైరు చేతిలో ఉంటుంది. కంపెనీ 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ. 215/75 వేస్తే డిఫరెన్షియల్ లేచేది 5 మి.మీ., 235/75 వేస్తే 20 మి.మీ. ఈ రెండో సైజుతో మీటరు 100 చూపిస్తుంటే బండి నిజంగా 106లో పోతుంటుంది. లిఫ్ట్‌తో పెరిగేది బండి నడుం ఎత్తు: మిట్ట మీద పొట్ట ఆనకుండా దాటే కోణం 24 డిగ్రీల నుంచి, లెక్క ప్రకారం, దాదాపు 28కి వెళ్తుంది. అది పనికొచ్చే లాభమే. కానీ మట్టి దారిలో మీకు అడ్డుపడుతున్నది పొట్ట ఆనడమా, పట్టు జారడమా అన్నది ముందు తేల్చుకోండి. పట్టు జారుతుంటే మందు వేరు: కంపెనీ సైజులోనే ఆల్ టెర్రైన్ టైర్లు వేసి, మట్టిలోకి దిగే ముందు గాలి 18–20 పీఎస్ఐకి తగ్గించి, రోడ్డెక్కగానే పంపుతో తిరిగి నింపుకోవడం. నాకైతే మీ మొదటి ఖర్చు ఇదే కావాలనిపిస్తోంది.

మీ ఉత్తరంలో లేనిది, నన్ను ఎక్కువ కలవరపెట్టేది బీమా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కట్టేయొచ్చు అనుకుంటారేమో, పెద్ద దెబ్బ అక్కడ లేదు. ప్రమాదంలో ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారం నుంచి తప్పుకోవడానికి బీమా కంపెనీకి చట్టం అంత తేలిగ్గా వీలివ్వదు. చిక్కంతా ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండికి జరిగిన నష్టం) క్లెయిమ్ దగ్గర వస్తుంది. చెప్పకుండా మార్చిన సస్పెన్షన్‌ను సర్వేయర్ చూస్తే తగ్గించొచ్చు, తిరస్కరించొచ్చు. మీ ఈఎంఐ, వడ్డీ, మిగిలిన నెలలు చూస్తే బ్యాంకుకు మీ బాకీ ఇప్పటికీ దాదాపు 7.05 లక్షలు. బండి నుజ్జయి క్లెయిమ్ రాకపోతే, లేని బండికి 38 నెలల పాటు 21,400 కడుతూ ఉంటారు. ఇంట్లో బిగించిన పనికి బిల్లు కూడా ఉండదు, పని సరిగా జరిగిందని చూపించడానికి ఏ కాగితమూ మిగలదు. వారంటీ కూడా అంతే: సస్పెన్షన్, స్టీరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్‌లలో ఏ మోత వచ్చినా వేలు కిట్ మీదికే వెళ్తుంది.

సిప్ ఆపడం గురించి. ఏడు నెలల 70,000 ఈ 1.23 లక్షలకు చాలదు, మిగిలిన 53,000 సేవింగ్స్ నుంచి తీస్తారు. అప్పుడు ఖాతాలో 1.37 లక్షలు. అద్దె, ఇల్లు, ఈఎంఐ కలిపి మీకు నెలకు 67,400 తప్పనిసరి కాబట్టి అది రెండు నెలలకే సరి. అదే 70,000 సిప్‌లో ఉండి ఏటా 10 శాతం పెరిగితే 20 ఏళ్లకు 4.7 లక్షల దగ్గరకు చేరుతుంది. సిప్ ఆపొద్దు.

అన్నీ పోగా మీ చేతిలో నెలకు 14,600 మిగులుతోంది. ముందు అత్యవసర నిధి: ఆరు నెలల ఖర్చు అంటే 4.04 లక్షలు, దానికి మీకు 2.14 లక్షల లోటు. ఈ మిగులంతా అటే పంపితే 15 నెలల్లో తీరుతుంది. అప్పటికి వారంటీ కూడా అయిపోతుంది. ఆ మిగులులోంచే కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. పాప ఉన్న ఇంట్లో మీ జీతం తప్ప వేరే ఆధారం లేదని మీరే రాశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాల మీద జీఎస్టీ లేదు. ప్రీమియం పోను నిధి నిండడానికి ఒకటి రెండు నెలలు ఎక్కువ పట్టినా పరవాలేదు. ఆ తర్వాత ఎనిమిది తొమ్మిది నెలల మిగులుతో కిట్ మొత్తం నగదుగా కొనండి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ కూడా వద్దు, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, లోపలి వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది.

అప్పటికీ మీ చేత్తోనే బిగించాలనిపిస్తే ఇవి మరవకండి. కిట్ ఐదు డోర్ల జిమ్నీదేనా అని కొనేముందు కాగితం మీద రాయించుకోండి. విదేశాల నుంచి వచ్చేవాటిలో మూడు డోర్ల బండివి ఎక్కువ, మన బండి పొడవు, బరువు ఎక్కువ కాబట్టి అవి వేస్తే వెనక కూలబడుతుంది. సెల్లార్ ర్యాంపు వాలు మీద అసలు చేయొద్దు, సమతలమైన గట్టి నేల కావాలి. వెనక చక్రాలు లేస్తే హ్యాండ్‌బ్రేక్ బండిని ఆపలేదు. స్టాండ్‌లు ఛాసిస్ కింద పెట్టాలి, యాక్సిల్ బరువు ట్రాలీ జాక్ మీద ఉండాలి. ముందుగా ఏబీఎస్ వైర్ క్లిప్పులు, బ్రేక్ హోస్ బ్రాకెట్లు, స్టెబిలైజర్ లింకులు, ఆ తర్వాతే షాక్ అబ్సార్బర్ కింది బోల్టు విప్పాలి. అప్పుడు యాక్సిల్‌ను నెమ్మదిగా దించితే స్ప్రింగ్ దానంతట అదే వదులై వస్తుంది. తొందరపడి దించితే ఏబీఎస్ వైరు తెగుతుంది. బుష్‌లున్న బోల్టులను గాల్లో పూర్తిగా బిగించకూడదు. బండిని నేల మీదకు దించి, రెండుసార్లు ఊపి, బరువు పడ్డాక సర్వీస్ మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చీలిపోతుంది. 500 కి.మీ. తర్వాత అన్ని బోల్టులూ మళ్లీ చూసుకోండి. ఒంటరిగా మాత్రం చేయొద్దు, బండి కింద మీరున్నప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ బీమా కంపెనీకి ఈమెయిల్ రాయండి: ఫలానా పాలసీ బండికి 50 మి.మీ. సస్పెన్షన్ లిఫ్ట్ చేస్తే ఓన్ డ్యామేజ్ కవరు కొనసాగుతుందా, అదనపు ప్రీమియం ఎంత, ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పును చేర్చిన పత్రం) ఇస్తారా అని. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి తీసుకోకండి. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే కొటేషన్‌కు అడ్వాన్స్ ఇవ్వండి.