మిషన్లు మీవి, బిల్లులు ఎవరివి?

ప్రశ్న: ఆరేళ్లుగా కుట్టుపని యూనిట్ నడుపుతున్నాను. పదకొండు మిషన్లు, తొమ్మిది మంది పనివాళ్లు ఉన్నారు. ఈసారి యూనిఫారాలకు పెద్ద ఆర్డరు వచ్చింది. గుడ్డ కొనడానికి అప్పు అడిగితే, ‘స్థలం కాగితాలు తెండి, లేదంటే మీవారిని పూచీకత్తు సంతకం పెట్టమనండి’ అన్నారు బ్యాంకులో. స్థలం మామగారి పేరున ఉంది. నా వ్యాపారానికి నా సంతకం చాలదా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చాలాలి. కానీ ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. ఆ పదకొండు మిషన్ల బిల్లులు ఎవరి పేరున ఉన్నాయి? బట్టలు తీసుకెళ్లినవాళ్లు డబ్బు ఎవరి ఖాతాలో వేస్తున్నారు?

నేను రుణాల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఒకసారి మీలాంటి ఆవిడే నా బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టారు. లోపల పెన్సిలుతో ప్రతి ఆర్డరూ, ప్రతి బకాయీ, ఎవరు ఎన్ని రోజులు ఆలస్యం చేశారో కూడా రాసి ఉంది. అంత శుభ్రమైన లెక్క కంపెనీల ఫైళ్లలోనూ చూడలేదు. అయినా దరఖాస్తు తిప్పి పంపాను. రాబడి అంతా ఆమె తమ్ముడి ఖాతాకు వెళ్లేది. ఆ పుస్తకానికి మా ఫారంలో గడి లేదు. ఇప్పటికీ నాకది గుచ్చుకుంటుంది.

మగవాళ్ల సంతకం అడగడం పేద దేశాల జబ్బే అనుకోకండి. స్త్రీలు వ్యాపార రుణం తీసుకోవాలంటే మగ బంధువు సంతకం ఉండాలన్న చట్టాలు అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో 1988 దాకా ఉన్నాయి. ఇలాంటి బ్యాంకు గడపల దగ్గర విసిగిపోయే, 1974లో అహ్మదాబాద్‌లో నాలుగు వేల మంది శ్రామిక స్త్రీలు తలా పది రూపాయలు వేసుకుని సేవా సహకార బ్యాంకు పెట్టుకున్నారు.

ఇక మీ ఆర్డరు సంగతి. బ్యాంకు కంటే ముందు ఆర్డరిచ్చినవాళ్లనే అడగండి: గుడ్డ ఖర్చు మేరకు అడ్వాన్సు. వడ్డీ లేని అప్పు అదొక్కటే, అడగడానికి మనమే మొహమాటపడతాం. మిగిలినదానికి స్థలం ఊసెత్తకుండా, ఆర్డరు కాగితం మీద, మిషన్ల మీద రుణం ఇస్తారేమో కనుక్కోండి. ఇది వింతేమీ కాదు: ఇలా మిషన్లలాంటి చరాస్తుల తాకట్టు నమోదుకు ఆఫ్రికా దేశం ఘనా 2010లోనే ప్రత్యేక రిజిస్ట్రీ పెట్టింది. మీ బ్యాంకువాళ్లు కాదంటే, కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. నోటితో కాదన్నంత సులువుగా కాగితం మీద కాదనలేరు.

పొదుపు సంఘం అప్పుతో మాత్రం దీనికి దిగకండి. అక్కడ వాయిదాలు వెంటనే మొదలవుతాయి. మీకు డబ్బు వచ్చేది సరుకు అప్పగించి, వాళ్లు బిల్లు పాస్ చేశాక. ఆ మధ్య నెలల్లో వాయిదా కట్టడానికి ఇంకో అప్పు చేస్తారు.

వ్యాపారం పేరున మీరొక్కరే నడిపే ఖాతా ఈ వారమే తెరవండి. పన్నెండో మిషను కొనేటప్పుడు దుకాణదారు అలవాటు కొద్దీ మీవారి పేరు రాయబోతాడు. కలం కదలకముందే మీ పేరు చెప్పండి.