రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ విమానంతో పాటు సముద్రంలో మునిగిపోయిన కుర్రాడి పేరు ఎక్కడ వెతకాలి?

బ్రిటన్ నుంచో, ఉత్తర, పశ్చిమ యూరప్ స్థావరాల నుంచో ఎగిరి శవం దొరకని వాళ్ళ పేర్లు లండన్ దగ్గరి రన్నీమీడ్ స్మారకంలో ఉంటాయి. థేమ్స్ నదికి పైన కూపర్స్ హిల్ మీద ఉంది అది. 1953 అక్టోబరులో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. 20,000కు పైగా పేర్లు. ఏ ఏడాది పోయారో ఆ ఏడాది కింద చెక్కారు.

ఇక్కడొక తిరకాసు ఉంది. లాంకాస్టర్ బాంబర్‌లో సాధారణంగా ఏడుగురు ఉండేవారు. ఉత్తర సముద్రంలో కూలితే, కొన్ని వారాల తర్వాత ఒకరిద్దరి శవాలు డెన్మార్క్, హాలండ్ తీరాలకు కొట్టుకొచ్చేవి. అక్కడి ఊరి శ్మశానంలోనే పాతిపెట్టేవారు. అంటే ఒకే విమానంలో పోయినా ఒకరికి సమాధి, మిగతావాళ్ళకు గోడ మీద పేరు మాత్రమే. కాబట్టి మీ వాడి ఒక్కడి రికార్డుతో ఆగకండి, అదే రోజు పోయిన తోటి సిబ్బంది వివరాలూ చూడండి. కథ సగం అక్కడే దొరుకుతుంది.

బ్రిటన్ వైమానిక దళంలో బాంబు దాడులు చేసే విభాగమైన బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది తిరిగి రాలేదు. చాలామందికి పాతికేళ్ళు కూడా నిండలేదు. లింకన్ నగరంలోని అంతర్జాతీయ బాంబర్ కమాండ్ కేంద్రంలో సమాధి ఉన్నవాళ్ళ పేర్లూ లేనివాళ్ళ పేర్లూ కలిపే రాశారు.

మన బంగాళాఖాతం మీద గల్లంతైన వాళ్ళ కోసమైతే రన్నీమీడ్‌లో వెతకడం దండగ. వాళ్ళ పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకంలో ఉంటాయి. ఎక్కడివాళ్ళైనా కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఇంటిపేరు, చనిపోయిన సంవత్సరం కొడితే స్మారకంలో పేరు చెక్కిన పలక (ప్యానెల్) నంబరు ఉచితంగా వస్తుంది.